బ్యాటరీకి బోరునీళ్లా!

మొగుళ్లపల్లిలో మా కారు రోజూ కదలదు. అర్ధరాత్రి అత్తమ్మకు ఆయాసం వస్తే వరంగల్ తీసుకుపోవడానికే ఉంది. ఆ వేళ మొరాయిస్తే? అందుకే దాని బ్యాటరీ ఆలనాపాలనా నేనే చూస్తాను. మావారు నవ్వుతారు, నవ్వనివ్వండి!

ఊరగాయ జాడీలో తడి గరిటె పెడతామా? బ్యాటరీలో బోరునీళ్లూ అంతే. వాటిలోని లవణాలు లోపలి సీసం పలకల్ని పాడుచేస్తాయి. మూతలు విప్పే రకమైతే డిస్టిల్డ్ వాటరే, అదీ పలకలు మునిగేదాకా. టెర్మినల్స్ మీద తెల్లపొడి పేరుకుంటే ముందు నెగెటివ్ వైరు విప్పి, వంటసోడా నీళ్లతో తుడిచి, ఆరాక వాజలైన్ రాస్తాను.

చలికి బ్యాటరీ మొండికేస్తుంది గాని, మనవైపు దాని ఆయుష్షు తినేది ఎండే. కారు వేపచెట్టు కిందే ఉండాలి, పిట్టలేం చేసినా సరే!

ఊరికే స్టార్ట్ చేసి ఆపితే ఉన్న ఛార్జీ కూడా దిగుతుంది. వారానికోసారి అరగంటైనా తిప్పాలి. అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని పరకాల దారి పడతాను.