రెండు సీట్ల సంసారం

“మీకు కారుందా?” అని ఎవరైనా అడిగితే ఉందని చెప్పడానికి నాకు నోరు రాదు. లేదని చెప్పడానికి మనసు రాదు. ఎందుకంటే మా సెల్లారులో ఉన్నది కారే అయినా అది నాది కాదు, మా వదినది. వదిన పేరున ఉన్నా చాలాకాలం నడిపింది నేను. పోనీ కారంటూ ఉంది కదా, నలుగురం ఎక్కి ఓ పెళ్ళికి వెళ్ళొద్దామా అంటే అందులో ఉన్నవి రెండే రెండు సీట్లు! డ్రైవరు కూర్చోగా మిగిలేది ఒక్కటి.

మనలాంటి మధ్యతరగతి ఇళ్ళల్లో ఏ వస్తువు కొన్నా మొదటి ప్రశ్న ఒకటే. ఎంతమందికి సరిపోతుంది? కుక్కరు అయిదు లీటర్లా, ఏడా? డైనింగ్ టేబుల్‌కి నాలుగు కుర్చీలా, ఆరా? అలాంటి ఇంటికి 2008లో మా అన్నయ్య రెండు సీట్ల ఎర్ర కారుని తోలుకొచ్చాడు. బెంగుళూరులో ఒకాయన అమెరికా వెళ్ళిపోతూ అమ్మేస్తుంటే కొని, కర్నూలు మీదుగా దాదాపు 570 కిలోమీటర్లు తనే నడుపుకుంటూ అమీన్‌పూర్‌లో మా ఇంటి ముందు ఆపాడు. అప్పటికే ఏడేళ్ళ పాత బండి.

వదిన గుమ్మంలోకి వచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ కారుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, “మిగతా సగం ఎప్పుడొస్తుందండీ?” అంది.

మా అమ్మయితే తలుపు తీసి లోపలికి తొంగి చూసి, “ఇందులో కూర్చోవాలట్రా, పడుకోవాలా?” అని అడిగింది.

ఆ కారు పేరు సాన్ స్టార్మ్. మీలో చాలామంది విని ఉండరు. నేనూ వినలేదు. 1990ల చివర్లో గోవాలో తయారు చేయడం మొదలుపెట్టిన స్వదేశీ స్పోర్ట్స్ కారది. ఒంటికి రేకు లేదు, అంతా ఫైబర్ గ్లాసు. ఇంజను మాత్రం ఫ్రెంచి వాళ్ళ రెనో కంపెనీది, 1149 సీసీ. ఆ దేశంలో క్లియో అనే బుల్లి కారుకి వాడిన జాతిదట. గుర్రాల లెక్కలో చెప్పాలంటే ఓ అరవై గుర్రాలు. పైన గుడ్డ టాపు. తీసేస్తే ఆకాశమే కప్పు.

“అరవై గుర్రాలేనా? మామూలు కార్లకీ అంతే ఉంటాయిగా?” అన్నాను, ఏదో తెలిసినదానిలా.

అన్నయ్య పటాన్‌చెరులో ఒక పంపుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఏదైనా వంటింటి భాషలో చెప్పడం అతనికి అలవాటు. “ఇనప పెనం ఎత్తాలంటే రెండు చేతులు కావాలి. అట్లకాడ తిప్పడానికి రెండు వేళ్ళు చాలవుటే? బరువైన బండి పరిగెత్తడానికి బలం కావాలి, ఆగడానికి బలం కావాలి, మలుపు తిరగడానికీ బలం కావాలి. తేలికైన బండికి చిన్న ఇంజను చాలు. ఇంజను చిన్నది కాబట్టి బండి ఇంకా తేలిక. ఇది అప్పులా పెరిగేది కాదు, పొదుపులా పెరిగేది” అన్నాడు.

ఇంగ్లండులో లోటస్ కార్ల కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్‌ది కూడా ఇదే సిద్ధాంతమట. గుర్రాలు పెంచడం కాదు, బరువు తగ్గించడం గొప్ప అని. 1957లో లోటస్ సెవెన్ అలా పుట్టిందే. జపాను వాళ్ళు 1989లో మాజ్దా ఎమ్.ఎక్స్.-5 అని అదే దారిలో ఒకటి చేస్తే, 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. అన్నయ్య ఇవన్నీ చెబుతుంటే నేను ఊఁ కొడుతూ ఒక్కటే ఆలోచించాను. ఈ సిద్ధాంతం మనుషులకీ వర్తిస్తుందా అని. నలభై దాటాక బరువు తగ్గించడం ఎంత కష్టమో చాప్‌మన్‌గారికి ఏం తెలుసు!

నవ్వకండి, నాకు కారు నడపడం నేర్పింది అదే. అంతవరకు నా నవలల్లో హీరోలు కార్లు నడిపేవారు గానీ నాకు క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియదు. ఒక నవలలో నా నాయకుడు బ్రేకు నొక్కకుండా ఘాట్ రోడ్డు దిగిపోయాడని ఒక పాఠకురాలు ఉత్తరం కూడా రాసింది. స్టార్మ్‌లో కూర్చున్నాక తెలిసింది అసలు సంగతి. సీటు నేలకి జానెడెత్తున ఉన్నట్టుంటుంది. యాభైలో వెళుతుంటే నూరులో వెళుతున్నట్టుంటుంది. పక్కన లారీ వస్తే దాని డ్రైవరు కనిపించడు, చక్రాల నట్లు కనిపిస్తాయి! స్టీరింగు కాస్త తిప్పితే చాలు, పిల్చిన పిల్లలా పలుకుతుంది. మన కాలనీల స్పీడు బ్రేకర్లు మాత్రం దానికి ఆజన్మ శత్రువులు. నిటారుగా ఎక్కిస్తే పొట్ట గీసుకుంటుంది. అందుకని అడ్డంగా, ఒక్కో చక్రమే ఎక్కించి దింపాలి, ముసలమ్మ మెట్లు దిగినట్టు.

టాపు తీసి వెళితే మా ప్రాంతాన్ని కళ్ళు మూసుకుని గుర్తుపట్టొచ్చు. మందుల వాసన వచ్చిందా, బొల్లారం. వెల్డింగూ కాలిన నూనే కలిసి వచ్చాయా, పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియా. తడి మట్టి, తుంగ వాసన వచ్చిందా, మా అమీన్‌పూర్ పెద్దచెరువు. ఆ చెరువుది 93 ఎకరాలు. 2016 నవంబరులో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగర ప్రాంతంలోని ఒక చెరువుకి ఆ గౌరవం దక్కడం దేశంలో అదే మొదటిసారి. చలికాలంలో ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి వాలతాయి. చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్నా అవి మాత్రం తమ వాటా వదులుకోలేదు.

ఒకసారి రివర్సు చేస్తూ గేటు స్తంభానికి కొట్టేశాను. వెనక మూల పగిలింది. డెంటింగ్ షాపుకి తీసుకెళితే అతను వేలితో తట్టి చూసి, “అమ్మా, గిది రేకు గాదు. సుత్తె ఏస్తే ఇంకింత పగుల్తది” అని చేతులెత్తేశాడు. ఆఖరికి బొల్లారం వైపు యాసిడ్ ట్యాంకులు చేసే ఒక షెడ్డులో కుర్రాడు రెసిన్ రాసి, గాజు పీచు చాప రెండు పొరలు అంటించి, ఆరాక గీకి, రంగేసి ఇచ్చాడు. “గ్యారంటీ ఎంత బాబూ?” అంటే, “ట్యాంకుకైతే రెండేండ్లమ్మా. కారుకు ఇప్పటిదాంక ఎన్నడియ్యలే” అన్నాడు. పదేళ్ళు దాటింది, ఆ మూల ఇంకా చెక్కుచెదరలేదు.

ఇదంతా సరదా. ఇప్పుడు కాస్త కష్టమైన సంగతి.

మాది రెండు వాటాల ఇల్లు. కింద అన్నయ్యా వాళ్ళు, పైన మేము. ఆదివారం పొద్దున్న అయిదున్నరకి అన్నయ్య టాపు తీసేసేవాడు. చెరువు చుట్టి, సుల్తాన్‌పూర్ మీదుగా నర్సాపూర్ అడవి దాకా వెళ్ళి, అక్కడ రోడ్డు పక్క టీ తాగి, ఎండ ముదరకముందే తిరిగి రావడం. బయలుదేరే ముందు వంటింట్లోకి వెళ్ళి, “ఏమోయ్, వస్తావా?” అనేవాడు. “ఉప్మాకి ఎసరు పెట్టానండీ. మీరెళ్ళి రండి” అనేది వదిన. అప్పుడు మెట్ల దగ్గరికి వచ్చి నన్ను కేకేసేవాడు. నేనప్పటికే చెప్పులేసుకుని నిలబడి ఉండేదాన్ని! మా ఆయనకి ఆదివారం తొమ్మిదింటికి గానీ తెల్లారదు. తిరిగొచ్చేసరికి కింద వాటాలో జీడిపప్పు ఉప్మా వేడిగా ఉండేది. తినేసి పైకి వచ్చేసేదాన్ని. పదమూడేళ్ళు. నాకు ఒక్కనాడూ ఏమీ తోచలేదు.

2021 మేలో, రెండో విడత కోవిడ్‌లో, అన్నయ్య వెళ్ళిపోయాడు. పన్నెండు రోజులు. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

కారు గుడ్డ కప్పుకుని ఏడాదిన్నర పాటు సెల్లారులో కూర్చుంది. టైర్లలో గాలి దిగిపోయింది. రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయింది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి కదా, 2016లో అన్నయ్యే చేయించాడు. ఇక రెండోసారికి మనిషి లేడు. పాత ఇనుము కొనే అతను వచ్చి చుట్టూ తిరిగి, “దీంట్ల ఇనుమేడుందమ్మా?” అని పెదవి విరిచాడు. కారు బతికిపోయింది ఆ తేలికదనం వల్లేనేమో!

ఓ రోజు వదిన కాగితాల సంచీతో పైకి వచ్చింది. “నాతో ఆఫీసుకి వస్తావా? పేరు మార్పించాలి” అంది. సొంతదారు చనిపోతే వారసుల పేరుకి మార్చడానికి ఫారం 31, మళ్ళీ రిజిస్ట్రేషన్‌కి ఫారం 25, మరణ ధృవపత్రం, వారసత్వ ధృవపత్రం, పొల్యూషన్ కాగితం, గ్రీన్ టాక్సు... నాలుగు సార్లు తిరిగాం. కౌంటరులో గుమాస్తా తలెత్తి, “మీకు డ్రైవింగ్ వచ్చా అమ్మా?” అన్నాడు.

“రాదు” అంది వదిన.

“మరి మీకెందుకీ బండి?”

“ఆయన పేరు కొట్టేసిన చోట ఇంకెవరి పేరో ఎందుకుండాలి నాయనా?” అంది. గుమాస్తా ఇంకేమీ అడగలేదు.

కాగితాలు చేతికొచ్చిన తరవాతి ఆదివారం నేను కిందికి దిగి, “వదినా, వస్తావా?” అన్నాను. వదిన ఒక్క క్షణం నన్ను చూసింది. స్టవ్వు ఆర్పేసింది. చెప్పులేసుకుంది.

చెరువు గట్టు దగ్గర, “ఇక్కడ ఆగేవారా?” అని అడిగింది. “ఆగేవాడు. ఆ తుమ్మచెట్టు కింద” అన్నాను. కొంత దూరం పోయాక, “పాటలు పెట్టుకునేవారా?” అంది. “లేదు, తనే పాడేవాడు” అన్నాను. “పాడేవారా! ఇంట్లో ఎప్పుడూ పాడలేదే” అంది. అప్పుడు నాకు మొదటిసారి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. వదిన మొగుడి ఆదివారాలన్నీ నా దగ్గరున్నాయి! ఆవిడ నన్ను అడిగి తెలుసుకుంటోంది.

నర్సాపూర్ దగ్గర టీ అతను నన్ను చూసి పలకరింపుగా నవ్వి, “చాన్నాళ్ళయింది మేడం. సారు రాలేదా?” అన్నాడు. నేను నేల చూపులు చూశాను. వదినే చెప్పింది. టీ డబ్బులు కూడా వదినే ఇచ్చింది.

తిరిగి వస్తూ దారిలో బండి ఆపేశాను. “వదినా, ఆ సీటు నీది. పదమూడేళ్ళు నేను కూర్చున్నాను” అన్నాను. 

వదిన వెంటనే మాట్లాడలేదు. గాలికి చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుంది. “అదేం లేదులే. ముందు నన్నే అడిగేవారుగా. నేను రానన్నాకే నిన్ను పిలిచేవారు. నువ్వూ వెళ్ళకపోతే ఒక్కరే వెళ్ళేవారు. అది ఇంకా బాధగా ఉండేది నాకు” అంది. నా గుండె తేలికపడుతుండగానే, అద్దంలోకి చూస్తూ మెల్లిగా అంది. “కానీ అమ్మాయ్... ఒక్క ఆదివారమైనా నువ్వు, ‘ఉప్మా నేను చూసుకుంటాను వదినా, నువ్వెళ్ళు’ అని ఉంటే వెళ్ళేదాన్నేమో.”

కోపంగా అనలేదు. అందుకే ఈనాటికీ చెవిలో ఉంది. నవలల్లో ఆడదాని మనసు గురించి పేజీలకి పేజీలు రాసినదాన్ని, కింద వాటాలో ఎసరు పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూడలేకపోయాను.

చూశారా, రెండు సీట్ల కారులో ఉన్న చిక్కు అదే. అయిదు సీట్ల కారులో ఎవరెక్కారో, ఎవరు మిగిలిపోయారో తెలియదు. అందరం ఎక్కేశామనుకుంటాం. ఇందులో దాపరికం లేదు. ఒకరు ఎక్కారంటే మరొకరు గుమ్మంలో ఉన్నట్టే.

ఆ తరవాత సంగతి మీరు ఊహించే ఉంటారు. యాభై నాలుగేళ్ళ వదిన డ్రైవింగ్ స్కూల్లో చేరింది. మొదటి టెస్టులో ఎనిమిది అంకె వేయమంటే తొమ్మిది వేసి వచ్చింది. రెండోసారి ప్యాసయింది. స్టార్మ్ మీద చేయి తిరగడానికి నేను ఆరు నెలలు ఎడమ సీట్లో కూర్చుని ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాను. ఇప్పుడు స్పీడు బ్రేకరుని అడ్డంగా దాటించడంలో నాకంటే నేర్పరి.

కిందటి ఆదివారం అయిదున్నరకి మెట్ల కింద నుంచి కేక వినబడింది. “అమ్మాయ్, వస్తావా?” నేను పై నుంచి తొంగి చూశాను. టాపు తీసి ఉంది. “ఉప్మాకి ఎసరు పెట్టాను వదినా. నువ్వెళ్ళిరా” అన్నాను.

వదిన నన్ను చూసి నవ్వింది. తలకి స్కార్ఫు కట్టుకుంది. హ్యాండ్‌బ్యాగు ఎడమ సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా పెట్టి, చెరువు వైపు వెళ్ళిపోయింది. మలుపు తిరిగాక కూడా కాసేపు ఇంజను చప్పుడు వినబడింది. దానితోపాటు సన్నగా ఏదో పాట వినబడినట్టే అనిపించింది గానీ, నిజంగా విన్నానో లేదో చెప్పలేను.

తొమ్మిదింటికి లేచిన మా ఆయన ఉప్మా నోట్లో పెట్టుకుని, “ఇదేమిటి, ఇవాళ మీ వదిన చెయ్యలేదా? ఉప్పు తక్కువైంది” అన్నారు.

వదిన మాత్రం వచ్చి, మారు వడ్డించుకుని తింది.