ఊరి పేరుకు ముందు... నూరెకరాలు!

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రోడ్డు మీద కొంతదూరం పోయి ఎడమపక్కకు మళ్లితే నగరం హోరు తగ్గుతుంది. తాటిచెట్లు, చెరువు గట్లు, మధ్యమధ్య రాతిగుట్టలు... అవి దాటి ఊళ్లో అడుగుపెడితే మగ్గాల చప్పుడు. ఇక్కత్ చీరలతో దేశమంతా తెలిసిన పోచంపల్లి ఇదే. ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చిందీ ఈ ఊరినే. ఇంత పేరు చీరల వల్ల వచ్చినా ఊరి బోర్డు మీద మాత్రం చీర మాట కనిపించదు. 'భూదాన్ పోచంపల్లి' అని ఉంటుంది!

ఒక ఆసామి చేసిన దానం ఏకంగా ఊరి పేరులో చేరిపోయిందన్నమాట. కలిగినవాళ్లు దానం చేస్తే జనం నిజంగానే గౌరవిస్తారా? లేక ఎదురుగా నమస్కారం పెట్టి, పక్కకెళ్లి నవ్వుకుంటారా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి పాత నల్గొండ, పాలమూరు జిల్లాలకు మించిన చోటు లేదేమో. ఎందుకంటే బలవంతపు గౌరవం ఎలా ఉంటుందో ఇక్కడి ఊళ్లు తరతరాలుగా చూశాయి.

దొరా... అంటే గౌరవమేనా?

నిజాం కాలంలో ఇక్కడ దొర ఎదురైతే తలపాగా తీయాలి, చెప్పులు చేత పట్టుకోవాలి. 'నీ బాంచన్ కాల్మొక్త' అనాలి. పైసా తీసుకోకుండా వెట్టి చేయాలి. అప్పట్లో నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి 40 వేల ఎకరాలు ఉండేవని, అరవై ఊళ్ల మీద పెత్తనం నడిచేదని చరిత్రకారులు రాశారు. పాలకుర్తి చాకలి ఐలమ్మ కౌలు చేలో పంటను ఎత్తుకుపోవాలని చూసింది ఆ గడే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసిందీ ఆ గడి మనుషుల తూటాయే. ఆ తర్వాత ఊళ్లకు ఊళ్లు తిరగబడ్డాయి. అన్నేళ్లు వంగివంగి పెట్టిన దండాల్లో ఒక్కటి కూడా ఆ రోజు దొరకు అడ్డం రాలేదు. అది గౌరవం కాదు కాబట్టి!

ఎనభై అడిగితే నూరు

దాదాపు అయిదేళ్ల తర్వాత... అదే జిల్లా, అదే పేరున్న మరో ఆసామి. ఈయన వెదిరె రామచంద్రారెడ్డి, పోచంపల్లి భూస్వామి. 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. అది ముగిశాక ఆచార్య వినోబా భావే తెలంగాణ పల్లెల్లోకి కాలినడకన బయల్దేరారు. సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. పగలు పోలీసులు, రాత్రి దళాలు అన్నట్టుండేది ఊళ్ల పరిస్థితి. ఏప్రిల్ 18న వినోబా పోచంపల్లి చేరి దళితవాడకు వెళ్లారు. మీకేం కావాలని అడిగితే భూమి కావాలన్నారు అక్కడివాళ్లు. నలభై కుటుంబాలకు 80 ఎకరాలు... సగం తరి, సగం మెట్ట. సర్కారు ఇచ్చేసరికి ఎన్నాళ్లవుతుందో! ఊళ్లోవాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అక్కడికక్కడే అడిగారు. రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగింది పేదలు. అందరి ముందూ అడిగారు. అడిగినదానికన్నా ఎక్కువే దొరికింది. భూదానోద్యమం పుట్టింది అలాగే. వినోబా ఆ విడతలో తెలంగాణలో 51 రోజులు నడిచి 12 వేల ఎకరాలు సేకరించారు.

దానం మీద విమర్శలూ వచ్చాయి. పోరాటం భయంతోనే ఇచ్చారనీ, కొంచెం వదులుకుని మిగిలింది కాపాడుకునే ఎత్తు అనీ కమ్యూనిస్టులు అన్నారు. భూస్వాముల చేతుల్లోంచి భూమి జారిపోతున్న కాలం కాబట్టి ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయినా ఊరు ఆ పేరును వదులుకోలేదు. ఆయన్ని భూదాన్ రామచంద్రారెడ్డి అనే పిలుచుకున్నారు. ఇంటి పేరు వెనక్కి పోయి చేసిన పని ముందుకొచ్చిందన్నమాట. పోచంపల్లి చూడబోయినవాళ్లకు వినోబా మందిరంతో పాటు నూటొక్క దర్వాజల ఇల్లు కూడా చూపిస్తారు. ఒకప్పటి కలిగినవాళ్ల వైభవం అది. వచ్చినవాళ్లు దర్వాజలు లెక్కపెట్టి, ఫొటోలు తీసుకుని వెళ్తారు. ఊరు మాత్రం తన పేరులోకి తెచ్చుకున్నది ఆ దర్వాజలను కాదు, నూరెకరాలను.

కాగితాల మీది ఎకరాలు

దేశమంతా తిరిగి వినోబా 40 లక్షల ఎకరాలకు పైగా దానపత్రాలు రాయించారు. మరి ఆ దాతలందరి పేర్లూ ఊళ్ల ముందు ఎందుకు చేరలేదు? చాలాచోట్ల ఇచ్చింది రాళ్ల నేల. కొన్నిచోట్ల వ్యాజ్యాల్లో ఉన్న భూమి. మరికొన్ని చోట్ల పంపకమే జరగలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చినా వివాదాలు తెగలేదు. హైదరాబాద్ చుట్టూ ధరలు పెరిగాక అవి ఇంకా ముదిరాయి. రంగారెడ్డి జిల్లాలోని భూదాన్ భూముల వ్యవహారం 2025లోనూ హైకోర్టు మెట్లెక్కింది. నాగలి దాకా చేరని దానాన్ని జనం ఎందుకు గుర్తుపెట్టుకుంటారు?

ఓట్లతో పెట్టిన దండం

పోచంపల్లి నుంచి భువనగిరి వైపు వెళ్తే బొల్లేపల్లి. రావి నారాయణరెడ్డి పుట్టిన ఊరు. ఈయనా భూస్వామి బిడ్డే. 1941లో చిలుకూరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడై, ఆ తర్వాత సాయుధ పోరాటానికి నాయకుడయ్యారు. తన సొంత భూమిలో సుమారు 500 ఎకరాలు పేదలకు పంచారని చెబుతారు. 1952 ఎన్నికల్లో పీడీఎఫ్ తరఫున నల్గొండ నుంచి నిలబడితే నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి! భూమి పంచినందుకే అన్ని ఓట్లు పడ్డాయనలేం. కానీ, తమకు ఇచ్చి ఊరుకోకుండా తమతోపాటు నిలబడ్డాడన్న లెక్క జనం దగ్గర ఉంది. ఓటు రహస్యం కదా... భయపడి వేయాల్సిన పనిలేదు.

రోడ్డు వెంట శ్రీమంతులు

ఇక మళ్లీ హైదరాబాద్ వచ్చి బెంగళూరు రోడ్డు పట్టుకుంటే పాత మహబూబ్‌నగర్ జిల్లా. 2015లో 'శ్రీమంతుడు' సినిమా వచ్చిన రోజుల్లో ఈ దారిలోని రెండు పల్లెల పేర్లు పత్రికలకెక్కాయి. కొత్తూరు మండలం సిద్ధాపూర్‌ను మహేశ్‌బాబు, కేశంపేట మండలం కొండారెడ్డిపల్లిని ప్రకాశ్‌రాజ్ దత్తత తీసుకుంటామన్నారు. దత్తత అనగానే కెమెరాలు వస్తాయి, వెళ్తాయి. ఊళ్లు మాత్రం తీరిగ్గా లెక్క చూసుకుంటాయి. పోచంపల్లి పేరు కూడా ఒక్కరోజు వార్తతో నిలబడింది కాదు.

జడ్చర్ల దాటి కొత్తకోట దాకా వెళ్తే సరళాసాగర్ వస్తుంది. కూలి కోసం దేశమంతా వలసపోయిన పాలమూరులో నీళ్లకన్నా పెద్ద దానం ఏముంటుంది? వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు చొరవతో, ఆయన తల్లి సరళాదేవి పేరు మీద 1949లో దీనికి పునాది పడింది. 1959లో పూర్తయింది. సంస్థానం పోయింది, జాగీర్లు రద్దయ్యాయి. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ వెలిసింది. పల్లెల పిల్లలు అక్కడ ఇంజినీరింగ్ డిప్లొమాలు చదివారు. సంస్థానం పోయాక ఆయనే సామాన్య అభ్యర్థిగా ఓట్లడిగితే ఈ ప్రాంతం లోక్‌సభకు పంపింది.

2019 డిసెంబరు 31న సరళాసాగర్ కట్ట తెగి నీళ్లన్నీ పోయాయి. తర్వాత కట్టను మళ్లీ నిలబెట్టారు. ఎవరో రాజుగారు కట్టించింది కదా అని వదిలేయలేదు. దాని కింద తమ పొలాలున్నాయి మరి.

ఈ ఊళ్లన్నీ తిరిగితే ఒక సంగతి తెలుస్తుంది. పుచ్చుకున్నవాడు మళ్లీ దాత గుమ్మం ముందు నిలబడాల్సి వస్తే... అది దానం పేరుతో నడిచే దొరతనమే. భూమి, చదువు, నీళ్లు అలాంటివి కావు. ఒకసారి చేతికొస్తే మనిషి తలెత్తుకుని తిరుగుతాడు. అలా తలెత్తినవాడు మనసారా పెట్టే నమస్కారమే గౌరవం.

సరళాసాగర్‌కు ఉన్నవి సైఫన్లు. గేట్లు ఎత్తడానికి మనుషులు అక్కర్లేదు. నీరు నిండి ఒక మట్టానికి చేరితే చాలు, దానంతటదే పొంగి దిగువకు దూకుతుంది. వానాకాలంలో అది చూడటానికి జనం పిల్లాపాపలతో వస్తారు. ఆ నీళ్ల కోసం ఎవరి ముందూ చేతులు కట్టుకు నిలబడాల్సిన పనిలేదు. సరళమ్మ పేరు మాత్రం రోజూ వాళ్ల నోట్లో నానుతూనే ఉంటుంది.