మాట కోల్పోయిన ప్రాణి

ఫ్రాంకెన్‌స్టైన్ అనే పేరు వినగానే చాలామంది మనస్సులో ఒకే రూపం మెదలుతుంది. చదునైన నడినెత్తి, బరువుగా వాలిన కనురెప్పలు, మెడకు ఇరువైపులా పొడుచుకువచ్చిన లోహపు ముక్కలు, తడబడే అడుగులు, మూలుగు తప్ప మాట ఎరుగని నోరు. ఆ రూపం పేరే ఫ్రాంకెన్‌స్టైన్ అని లోకం స్థిరపరచుకున్నది. నిజానికి ఆ పేరు సృష్టికర్తది. అతని చేతిలో రూపొందిన ప్రాణికి పేరే లేదు. ఆ రూపం కూడా మూలనవలలోనిది కాదు. 1931లో అమెరికాలో వెలువడిన చలనచిత్రం నుండి వచ్చినది. తెరమీది బొమ్మను మనస్సులో ఉంచుకొని నవలను తెరచిన విద్యార్థికి పెద్ద ఆశ్చర్యం మధ్యభాగంలో ఎదురవుతుంది. అక్కడ ఆ ప్రాణి మాట్లాడుతుంది. ఒకటి రెండు మాటలు కాదు, అధ్యాయాల తరబడి, తర్కబద్ధంగా, హృదయం ద్రవించేటట్లు మాట్లాడుతుంది. నవలలో వినిపించిన ఆ గొంతు తెరమీద ఎందుకు మూగబోయింది? దానితోపాటు ఇంకేమి పోయింది? ఈ రెండు కృతులను పక్కపక్కన ఉంచి చూసేవారు మొదట అడగవలసిన ప్రశ్నలు ఇవే.

మేరీ షెల్లీ ఈ కథను ఊహించేనాటికి ఆమె వయస్సు 18 సంవత్సరాలు. 1797లో లండన్‌లో జన్మించిన ఆమె తల్లి ఒడిని ఎరుగదు. స్త్రీల హక్కుల కొరకు కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఈ కుమార్తెను కన్న కొద్దిరోజులకే కన్నుమూసింది. 1815లో మేరీకి నెలలు నిండకుండా పుట్టిన తొలి బిడ్డ కూడా కొద్దిరోజులకే మరణించింది. జననమరణాల పొత్తు ఆమెకు పుస్తకాలలో చదివి తెలుసుకున్న విషయం కాదు. అదే సంవత్సరం ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలై ఆకాశాన్ని బూడిదతో నింపింది. దాని ప్రభావం వలన 1816లో యూరప్‌లో వేసవి వేసవిలా లేదు. జెనీవా సరస్సు తీరంలో విడిది చేసిన కవులు బైరన్, షెల్లీ, వారితో ఉన్న మేరీ ఎడతెగని వానల వలన ఇంటిపట్టునే గడపవలసివచ్చింది. తలా ఒక దయ్యాల కథ రాద్దామని బైరన్ సూచించాడు. ఆ సరదా సూచన నుండి పుట్టిన నవల 1818 జనవరిలో లండన్‌లో రచయిత్రి పేరు లేకుండానే అచ్చయింది.

విచిత్రమేమంటే ఆ కథలో దయ్యమూ లేదు, మంత్రమూ లేదు. శరీరశాస్త్రమూ రసాయనశాస్త్రమూ చదివిన ఒక యువకుడు ఉన్నాడు. విద్యుత్తు సోకిన చచ్చిన కప్ప కాళ్లు కదలడాన్ని ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వానీ గమనించిన తరువాత, ప్రాణానికీ విద్యుత్తుకూ గల సంబంధం గురించి యూరప్ విద్వాంసులు వాదించుకుంటున్న కాలమది. వైజ్ఞానిక కల్పన అనే సాహిత్యశాఖకు ఈ నవలే ఆద్యమని పలువురు విమర్శకులు భావించడానికి కారణం ఇదే.

నవల నిర్మాణం భరిణెలో భరిణె వంటిది. కథలో కథను ఇమిడ్చే పద్ధతి పంచతంత్రం చదివిన తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఉత్తరధ్రువం దిశగా ఓడ నడిపే వాల్టన్ తన సోదరికి రాసే లేఖలు పైభరిణె. మంచుగడ్డల నడుమ ఆ ఓడకు చేరిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ చెప్పే ఆత్మకథ దాని లోపలిది. ఆ ఆత్మకథ నడుమ, అన్నింటికంటె లోపలి భరిణెలో, ప్రాణి తన జీవితాన్ని తానే చెప్పుకునే ఘట్టం ఉన్నది. రచయిత్రి ఆ గొంతును నవలకు గుండె ఉండే చోట నిలిపింది.

ఆ గొంతు చెప్పే కథ ఏమిటి? ఇంగోల్‌స్టాట్ నగరంలో, నవంబరు నెలలో ఒక రాత్రి, వాన చినుకులు కిటికీ అద్దాలను తాకుతుండగా, కొడిగట్టిన కొవ్వొత్తి వెలుగులో ఆ ప్రాణి కన్ను తెరుస్తుంది. రెండేళ్ల శ్రమ ఫలించిన ఆ క్షణంలోనే విక్టర్ దాని వికృతరూపం చూసి భయపడి గదినుండి పారిపోతాడు. కన్నవాడే కాదనుకున్న ఆ ప్రాణి అడవులలో తిరిగి, ఆకలినీ చలినీ తెలుసుకొని, చివరకు ఒక పేద కుటుంబం నివసించే కుటీరానికి ఆనుకొని ఉన్న చిన్న కొట్టంలో తలదాచుకుంటుంది. గోడసందులోనుండి ఆ ఇంటివారిని గమనిస్తూ మాటలు నేర్చుకుంటుంది. అరబ్బు యువతి సఫీకి ఫీలిక్స్ భాష నేర్పుతుంటే, గోడ అవతల ఎవరికీ తెలియని మరొక విద్యార్థి ఆ పాఠమే వింటాడు. వారు నిరుపేదలని గ్రహించగానే వారి ఆహారం దొంగిలించడం మాని, అడవిలో దొరికే కాయలతో, దుంపలతో కడుపు నింపుకుంటాడు. రాత్రివేళ కట్టెలు కొట్టి వారి గుమ్మం ముందు పెడతాడు. దొరికిన మూడు పుస్తకాలు చదువుతాడు. వాటిలో మిల్టన్ మహాకావ్యం ఒకటి. ఆదిమానవునికి కూడా సృష్టికర్త తోడున్నాడు, తనకు ఎవరూ లేరని తెలుసుకుంటాడు.

ఒకనాడు ధైర్యం చేసి, ఇంటిలో ముసలి డి లేసీ ఒంటరిగా ఉన్న సమయంలో లోపలికి వెళతాడు. ఆ వృద్ధుడు అంధుడు. చూపు లేని ఆ మనిషి ఒక్కడే ఆ మాటలను మాటలుగా విని ఆదరంగా బదులు పలుకుతాడు. అంతలో ఫీలిక్స్ వచ్చి, చూసి, కర్రతో కొడతాడు. కన్నులున్నవారికి రూపం కనిపించింది, కన్నులు లేనివానికి హృదయం వినిపించింది. ఆ తరువాత నీటిలో కొట్టుకుపోతున్న ఒక బాలికను రక్షించినందుకు అతనికి దక్కినది తుపాకీ గుండు. అక్కడినుండి అతని మనస్సు పగవైపు మళ్లుతుంది. విక్టర్ తమ్ముడైన పసివాడు మొదటి బలి. చేయని ఆ హత్యకు జస్టిన్ అనే అమాయకురాలు ఉరికంబం ఎక్కుతుంది. రచయిత్రి ఈ నేరాలను ఎక్కడా తేలిక చేయలేదు. అయితే ఆల్ప్స్ పర్వతాల మంచునదిపై విక్టర్ ఎదుట నిలిచి అతడు వినిపించే వాదం మాత్రం మరపురానిది. తాను పుట్టుకతో దుష్టుడు కాదనీ, దుఃఖమే తనను దుష్టుని చేసిందనీ, సృష్టించినవానికి సృష్టిపట్ల బాధ్యత ఉన్నదనీ అతడు అంటాడు. అది విన్న విక్టర్ తన బాధ్యతను మొదటిసారిగా గుర్తిస్తాడు.

తెలుగులో ఈ కథ చెప్పేవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ఈ ప్రాణిని ‘అది’ అనాలా, ‘అతడు’ అనాలా? నిర్ణయించుకోనిదే ఒక్క క్రియాపదం కూడా ముందుకు సాగదు. నవల చదివే విద్యార్థి ‘అది’తో మొదలుపెడతాడు. కుటీరం ఘట్టం ముగిసేసరికి తనకు తెలియకుండానే ‘అతడు’ అంటాడు. ఆ మార్పు తెచ్చినది మాటే.

ఇప్పుడు తెరవైపు చూడవచ్చు. యూనివర్సల్ సంస్థ నిర్మించగా జేమ్స్ వేల్ దర్శకత్వం వహించిన చిత్రం నిడివి గంటకు కొద్దిగా మించుతుంది. అందులో ఓడ లేదు, లేఖలు లేవు, కుటీరం లేదు. కొవ్వొత్తి స్థానంలో మెరుపులు, ఉరుములు, నిప్పురవ్వలు చిమ్మే విద్యుత్ యంత్రాలు వచ్చాయి. విక్టర్ పేరు హెన్రీగా మారింది. ఇవి పైపై మార్పులు. అసలు మార్పు ఒక గాజుజాడీలో ఉన్నది. హెన్రీ సహాయకుడు ఫ్రిట్జ్ వైద్యకళాశాలనుండి మెదడు దొంగిలించబోయి, శబ్దానికి బెదిరి, మంచి మెదడున్న జాడీని జారవిడుస్తాడు. దాని బదులు నేరస్థుని మెదడున్న జాడీ తీసుకుపోతాడు. నవలలో ఈ జాడీ లేదు. మనిషిని రాక్షసునిగా మార్చేది ఏమిటన్న ప్రశ్నకు నవల ‘నిరాదరణ’ అని సమాధానం చెప్పింది; ఈ జాడీ ‘పుట్టుక’ అని చెప్పింది. తప్పు చేసినవానినుండి తప్పు చేతికందిన వస్తువుకు మారిపోయింది. ముగింపు కూడా ఈ దారినే నడిచింది. నవలలో సృష్టికర్త తన పనికి మూల్యంగా సర్వం పోగొట్టుకొని, మంచుసముద్రంలో ప్రాణం విడుస్తాడు. చిత్రంలో గాలిమర మంటలలో చిక్కుకొనేది ప్రాణి. హెన్రీ బ్రతికి బయటపడతాడు, ఇంటిలో శుభాకాంక్షలు పలుకుతారు.

ప్రాణి గొంతును నొక్కిన నేరం వేల్ ఒక్కనిదే అనడం న్యాయం కాదు. 1823లోనే లండన్ రంగస్థలంపై ఈ నవల నాటకంగా ప్రదర్శింపబడింది. అందులోనే ప్రాణి మూగది. అందులోనే ఫ్రిట్జ్ అనే సేవకుడు ఉన్నాడు. మేరీ షెల్లీ ఆ ప్రదర్శనను స్వయంగా చూసింది. చిత్రానికి ఆధారం కూడా నేరుగా నవల కాదు, పెగ్గీ వెబ్లింగ్ రాసిన నాటకం. గంటసేపటి దృశ్యంలో అధ్యాయాల సంభాషణను నింపడం కష్టమన్నదీ నిజమే. ప్రతి మార్పునూ ద్రోహమనడం విమర్శ కాదు.

అంతేకాదు, మాట లేకున్నా చిత్రం కొన్ని చోట్ల నవలతో సమానంగా మాట్లాడింది. జాక్ పియర్స్ ముఖాలంకరణ వెనుక బోరిస్ కార్లాఫ్ కన్నులు సజీవంగా ఉంటాయి. పైకప్పు తెరచుకొని వెలుగు పడినపుడు ఆ ప్రాణి రెండు చేతులూ ఎత్తి, ఆ వెలుగును పట్టుకోవాలని ప్రయత్నిస్తుంది. పుట్టి కొద్దికాలమైన శిశువు చేసే పని అది. కాగడాతో ఫ్రిట్జ్ హింసించే దృశ్యంలో నిరాదరణ ఫలితాన్ని చిత్రమూ చూపింది. అంటే జాడీ ఒక మాట చెబుతుంటే, కార్లాఫ్ ముఖం మరొక మాట చెబుతుంది. చెరువుగట్టు దృశ్యంలో భయపడకుండా చేయి పట్టుకున్న చిన్నారి మరియా పూలను నీటిలో తేలవేస్తుంది. పూలు అయిపోగానే, ఆమె కూడా పూవువలె తేలుతుందనుకొని ప్రాణి ఆమెను నీటిలోకి విసురుతుంది. అది క్రూరత్వం కాదు, అజ్ఞానం. కొందరు అధికారులకు ఆ దృశ్యం మితిమీరినదిగా తోచి, విసరడాన్ని కత్తిరించివేశారు. ఫలితం తలక్రిందులైంది. పాపవైపు చాచిన చేతులూ, ఆపై తండ్రి మోసుకువచ్చే శవమూ మాత్రమే చూసిన ప్రేక్షకులు అంతకంటె ఘోరాన్ని ఊహించుకున్నారు. 1980 దశకంలో గాని ఆ భాగం తిరిగి చేరలేదు. కొన్ని క్షణాల దృశ్యం లోపించినందుకే ఒక ప్రాణిపై ఇంత అపవాదు పడగలిగినపుడు, అధ్యాయాల మాటలు లోపిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

వేల్ ఈ లోటును గుర్తించాడేమో అనిపించేటట్లు 1935లో వచ్చిన ఉత్తరభాగంలో ప్రాణికి కొన్ని మాటలు లభించాయి. వాటిని నేర్పినవాడు అడవిలో వయొలిన్ వాయించుకొనే ఒక అంధుడు. నవలలోని డి లేసీ ఈ రూపంలో తిరిగి వచ్చాడు. రొట్టె, మిత్రుడు వంటి కొద్ది మాటలతోనే ఆ ఘట్టం ప్రేక్షకుల కంట తడి పెట్టించింది. 1994లో కెన్నెత్ బ్రానా తీసిన చిత్రంలో ప్రాణి సంభాషణ మరింత విస్తరించింది. 2025లో గిల్యెర్మో దెల్ తోరో తన చిత్రాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి విక్టర్‌కూ మరొకటి ప్రాణికీ కథ చెప్పే అవకాశం ఇచ్చాడు. 1818లో పుస్తకంలో ఉన్న గొంతు తెరమీద పూర్తిగా వినిపించడానికి ఇంత కాలం పట్టింది.

మూగబోయినది ప్రాణి గొంతు మాత్రమే కాదు. తొలి ముద్రణలో లేని రచయిత్రి పేరు 1823 నాటి రెండవ ముద్రణలో చేరింది. 1931 చిత్రం ఆరంభంలో మాత్రం ఆమె పేరు ‘శ్రీమతి పర్సీ బి. షెల్లీ’ అని భర్త పేరు చాటున కనిపిస్తుంది. ప్రాణి పాత్రధారి పేరుండవలసిన చోట ప్రశ్నార్థకం ఉంటుంది. కథ చెప్పినామెకూ, కథలో చెప్పుకున్నవానికీ ఒకే తెరమీద స్వంత పేరు లేకపోయింది.

కాబట్టి నవలనూ చిత్రాన్నీ పోల్చడమంటే ఏ సంఘటన ఉన్నది, ఏది లేదు అని పట్టిక రాయడం కాదు. ఎవరి మాట నిలిచింది, ఎవరి మాట పోయింది, ఆ మాటతోపాటు బాధ్యత ఎవరినుండి ఎవరికి మారింది అని పరిశీలించడం. చిత్రం ఒక ముఖాన్ని లోకానికి ఇచ్చింది. ఆ ముఖం చిరస్థాయిగా నిలిచింది. నవల ఆ ముఖం వెనుక ఒక మనస్సును నిలిపింది. రెండింటినీ ఎరిగిన విద్యార్థి తరువాత ఎవరినైనా చూపుతో తీర్పు చెప్పబోయినపుడు, డి లేసీ కుటీరం గుర్తుకు రావచ్చు. అప్పుడు అతడు కన్నులు మూసుకోనక్కరలేదు. ఎదుటివారి మాట పూర్తయ్యేవరకు కర్ర ఎత్తకుండా ఉంటే చాలు. ‘అది’ ‘అతడు’గా మారడానికి ఆ కొద్ది వ్యవధి సరిపోతుంది.