మా బాత్రూం భాగోతం

మా కింద ఫ్లాట్ పిన్నిగారు ఎప్పుడొచ్చినా చేతిలో ఓ గిన్నె ఉంటుంది. గోంగూర పచ్చడో, చేగోడీలో, ఏమీ లేకపోతే వాళ్ళ కుండీలో పూసిన నాలుగు మందారాలో. మొన్న ఫిబ్రవరిలో ఓ పొద్దున్న వట్టి చేతులతో వచ్చి "ఒక్కసారి కిందికొస్తావా అమ్మాయ్" అన్నారు. విషయం నాకు అప్పుడే అర్థమైపోయింది.

వాళ్ళ బాత్రూం సరిగ్గా మా బాత్రూం కిందే. దాని గోడకి ఇవతలి వైపు దేవుడి అర. పైనుంచి చెమ్మ ఆ గోడలోకి దిగి, రంగు పొక్కులు పొక్కులుగా లేచిపోయింది. వేంకటేశ్వరస్వామి పటానికి అద్దం లోపల మరకలు. దేవుళ్ళందరినీ తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నారు పాపం. ఒక్క మాట అనలేదు. మేం స్నానాలు చేసిన నీళ్ళు ఆవిడ దేవుడి గోడలోకి! తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను.

ఒక నిజం చెప్పేస్తాను. ఈ సంగతి నాకు కొత్త కాదు. దీపావళికి ముందే ఆవిడ "కాస్త చెమ్మగా ఉంటోందమ్మా" అంటే "ఈసారి వానలెక్కువ కదండీ" అనేశాను. అనేసి, పైకొచ్చి, షవర్ కింద టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు పూశాను. మా వారికి కూడా చెప్పలేదు. చెబితే పని మొదలవుతుంది, ఉన్న రెండు బాత్రూముల్లో ఒకటి మూతపడుతుంది. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు, పదో తరగతి పరీక్షలతో పిల్లాడు... వేసవిలో చూద్దాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొదట వచ్చిన మేస్త్రీ "పాత టైల్స్ మీదే కొత్తవి అంటించేస్తాను, రెండ్రోజుల పని" అన్నాడు. మా వారి మొహం వెలిగిపోయింది. నేను పూసిన తెల్ల సిమెంటుకి అది పెద్దన్నయ్య అనిపించింది నాకు. ఒప్పుకోలేదు. ఇంకో మేస్త్రీని మాట్లాడాం.

మా బిల్డింగుకి 22 ఏళ్ళు. బాత్రూం దగ్గర స్లాబుని కాస్త కిందికి దించి పోసి, పైపులు పరిచి, ఆ గుంతని ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ వేశారు. పగలగొట్టాక చూస్తే ఆ ఇటుక ముక్కలన్నీ నాని ఉన్నాయి. బస్తాల్లోకి ఎత్తుతుంటే నీళ్ళు కారాయి. ఇక ఆ వాసన సంగతి సరేసరి. "టైల్స్ అందానికేనమ్మా, సందుల్లోంచి నీళ్ళు దిగుతూనే ఉంటాయి. ఆపాల్సింది కింద" అన్నాడు మేస్త్రీ. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ టైల్స్ తోముతున్నాను, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

స్లాబు కడిగి, ఆరనిచ్చి, గోడా నేలా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా పూశాడు. మూల నిటారుగా ఉంటే అక్కడే పగులుతుందిట. ఆ మీద జాలీ గుడ్డ పట్టీ అంటించి, పొడీ ద్రవం కలిపిన కోటింగు బ్రష్షుతో ఒకసారి నిలువుగా, అది ఆరాక ఒకసారి అడ్డంగా. మర్నాడొచ్చి ఇక నింపేద్దామన్నాడు. నీళ్ళు నిలబెట్టి చూస్తేగానీ వీల్లేదన్నాను. "ఎందుకమ్మా, నా పని మీద నమ్మకం లేదా?" నమ్మకం లేనిది నా మీద, అని ఆయనకేం చెప్పను!

పైపు మూసేసి రెండంగుళాల నీళ్ళు నింపి, గోడ మీద పెన్సిలు గీత గీశాను. పక్కన బకెట్లో నీళ్ళు పోసి దానికీ ఒక గీత. ఆవిరయ్యేది రెండింట్లోనూ ఒకటేగా. 48 గంటలయ్యాక చూస్తే బకెట్లో నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి, కింద మాత్రం వేలెడు తగ్గాయి. "సిమెంటు తాగుతుందమ్మా" అన్నాడు మేస్త్రీ. టార్చి పట్టుకుని కిందికి పరిగెత్తాను. పైపు స్లాబులోంచి దిగే చోట ఒక్క చుక్క వేలాడుతోంది. పిన్నిగారూ నేనూ తలలెత్తి చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి పడింది. వెంటనే ఇంకోటి మొదలైంది.

"ఒక్క చుక్కే కదే" అన్నారు మా వారు. ఆయనతో ఆ పూట మాట్లాడలేదు.

మేస్త్రీ అలిగాడు గానీ పనిమంతుడు. పైపు చుట్టూ చెక్కి, మళ్ళీ బిగించి, కోటింగు వేశాడు. ఈసారి నీళ్ళు నిలిచాయి. అప్పుడు కొత్త పైపులు, నింపుడు, దాని మీద వాటం. అడుక్కి పావంగుళం లెక్కన, మా షవర్ చోటు నాలుగడుగులు కాబట్టి అంగుళం వాలు. కోటింగు మళ్ళీ ఈ వాటం మీద పడాలి. వాలు పైన టైల్స్‌లోనే ఉండి కింద పొర చదునుగా ఉంటే, సందుల్లోంచి దిగిన నీళ్ళు అక్కడే నిలిచిపోతాయిట. షవర్ చుట్టూ గట్టు కడతానంటే వద్దన్నాను. అత్తయ్యగారు ఆ గట్టు దాటలేరు. గుమ్మం దగ్గర్నుంచీ వాలు తీసుకోమన్నాను.

రసమట్టంతో ఆయన చూసుకున్నాడు. అత్తయ్యగారు మాత్రం గుమ్మంలో కుర్చీ వేయించుకుని, మనవడి గోళీ తెప్పించి నేల మీదికి వదిలారు. నాలుగుసార్లు ట్రాప్ దగ్గరికే వెళ్ళింది. అయిదోసారి కిటికీ మూలలో ఆగిపోయింది. "ఇదిగో నాయనా, ఇక్కడ" అన్నారు. నవ్వుతూనే ఆ మూల చెక్కి మళ్ళీ పోశాడు. తర్వాత కోటింగు, షవర్ గోడకి ఆరడుగుల ఎత్తు దాకా, మిగతా గోడలకి అడుగు. ఇంకో 48 గంటలు నీళ్ళు. నేల మీద జారని చిన్న టైల్స్ వేయించాను, పెద్దవైతే వాలుకి సరిగా ఒదగవు. రెండ్రోజులనుకున్నది మొత్తం 19 రోజులు పట్టింది. అయిదుగురం ఒక్క బాత్రూంతో ఎలా గడిపామో వేరే టపా రాయాలి.

కింద గోడ ఆరడానికి మే దాకా పట్టింది. రంగు వేయించే ఖర్చు మాదేనన్నాను. స్వామి పటం అద్దం మార్పించి తీసుకెళ్ళిన రోజున, ధైర్యం చేసి దీపావళి ముందు జరిగిన సంగతి కూడా చెప్పేశాను.

"నాకు తెలుసులే అమ్మాయ్" అన్నారు పిన్నిగారు. "మర్నాడు పోపుల డబ్బా కోసం వచ్చినప్పుడు నీ గోళ్ళ నిండా తెల్ల సిమెంటే. నువ్వే చెబుతావని చూశాను."

నాకు మాట రాలేదు. ఆవిడ లోపలికెళ్ళి మాగాయ గిన్నె తెచ్చి చేతిలో పెట్టారు.