ఓటమిని వాయిదా వేసే విద్య

కంప్యూటర్ గేముల్లో గెలిచేవాళ్ల గురించే అందరూ మాట్లాడుకుంటారు. ఓడిపోతున్న సామ్రాజ్యాన్ని పట్టుకుని వేలాడేవాళ్లను ఎవరూ పట్టించుకోరు. నిజానికి చాలాసార్లు ఆటను నిలబెట్టేది వాళ్లే.

2008 చలికాలంలో ఢిల్లీ సరోజినీ నగర్‌లోని ఒక ప్రభుత్వ క్వార్టర్‌లో అలాంటి సామ్రాజ్యం ఒకటి కొన ఊపిరితో ఉండేది. దాని చక్రవర్తి ముప్పై దాటిన తెలుగు ఉద్యోగి. పగలు ఫైళ్లు, రాత్రి ‘సివిలైజేషన్ 4’. సిడ్ మేయర్ 1991లో మొదలుపెట్టిన సిరీస్‌లో 2005లో విడుదలైన గేమ్ అది. చదరంగంలా వంతులవారీగా ఆడాలి. క్రీస్తుపూర్వం 4000లో ఒక్క ఊరితో మొదలుపెట్టి అంతరిక్ష యుగం దాకా రాజ్యాన్ని నెట్టుకురావాలి. ఢిల్లీ, హైదరాబాద్, పుణే, డల్లాస్‌లలో స్థిరపడిన నలుగురు కాలేజీ మిత్రులు దాన్ని ఈమెయిల్‌లో ఆడేవారు. ఒకరు తన వంతు ముగించి ఫైలు పంపితే మరొకరు తెరిచేవారు. పెళ్లిళ్లు, ఉద్యోగాల తర్వాత వారి మధ్య మిగిలిన ఉత్తరప్రత్యుత్తరాలు అవే.

డల్లాస్ మిత్రుడు బలిశాడు. ఢిల్లీవాసి ఆరు నగరాల్లో రెండు పోయాయి. మూడోదాని ముందు రాళ్లు విసిరే యంత్రాలు మోహరించాయి. ‘‘ఓడిపోయానని చెప్పేసి పడుకోకూడదూ’’ అంది భార్య. సలహా సబబుగానే ఉంది. కానీ అతను తప్పుకుంటే ఆ నేలంతా డల్లాస్ వశమవుతుంది. మిగతా ఇద్దరి ఆటా ముగిసినట్టే. మెయిళ్లూ ఆగిపోతాయి.

బలహీనుడికి ఆటలో కొన్ని సదుపాయాలున్నాయి. అతని రోడ్ల మీద అతని సైన్యం పరుగెత్తగలదు, శత్రువు నడవాల్సిందే. పరాయి నేల మీద పోరాడేవాడి ప్రజలకే యుద్ధమంటే విసుగు పుడుతుంది. కొండ మీది నగరానికి 25 శాతం అదనపు రక్షణ. అయిదు వంతులు కదలకుండా కాచుకుంటే మరో 25 శాతం. అందుకే మైదానంలోని ఆ మూడో నగరాన్ని పోరాడకుండా వదిలేసి, విలుకాళ్లందరినీ కొండ మీది నగరానికి చేర్చాడు.

తెలుగువారికి ఈ ఎత్తు కొత్త కాదు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో రామరాయలు హతుడయ్యాక తమ్ముడు తిరుమల రాయలు హంపీని వదిలి పెనుకొండ చేరాడు. విజయనగరం కథ అక్కడితో ముగిసిందనుకుంటాం. కానీ పెనుకొండ, చంద్రగిరి, వేలూరు కేంద్రాలుగా ఆ రాజ్యం మరో 80 ఏళ్లు బతికింది. ఆ యుద్ధంలో ఇంకో పాఠమూ ఉంది. సుల్తానుల మధ్య తగవులను వాడుకుంటూ రామరాయలు బలపడ్డాడు. చివరకు ఆ భయమే వారిని ఏకం చేసింది. ఒకప్పుడు విజయనగరంలో ఆశ్రయం పొందిన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా కూడా వారిలో ఉన్నాడు.

ఢిల్లీవాసి ఆ భయాన్నే అమ్మకానికి పెట్టాడు. సరోజినీ నగర్ మార్కెట్‌లో 400 చెప్పిన చొక్కాను వందకు అడిగే ధైర్యంతో పుణేకు విడిగా మెయిల్ పెట్టాడు. ఇవ్వడానికి బంగారం లేదు, ఇనుము లేదు. ‘‘ఇవాళ నేను, రేపు నువ్వు’’ అని మాత్రం రాశాడు. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు పుణే సేనలు తూర్పు నుంచి డల్లాస్ మీద పడ్డాయి. కొండ కింది సైన్యంలో సగం వెనక్కి మళ్లింది. మిగిలిన సగం గోడల దగ్గరే కరిగిపోయింది.

ఆ కొండ దగ్గర డల్లాస్ ఇరవై వంతులు పోగొట్టుకున్నాడు. ఆ వ్యవధిలో, ఎవరి జోలికీ పోని హైదరాబాద్ మిత్రుడు విజ్ఞాన శాస్త్రంలో ముందుకెళ్లి అంతరిక్ష నౌకను ప్రయోగించి గెలిచాడు. ఢిల్లీవాసి మూడు నగరాలతో ఆఖరి స్థానంలో నిలిచాడు. ఆట ముగిశాక డల్లాస్ నుంచి మెయిల్ వచ్చింది: ‘‘ఒరేయ్, నువ్వు మర్యాదగా ఓడిపోయుంటే నేను గెలిచేవాణ్ని కదరా!’’