పాత దొరయు, క్రొత్త బంటును

ఇంటికి కంప్యూటరు కొనవలసి వచ్చినపుడు దాని లోపలి ప్రాసెసరును గూర్చి విచారించుట పురుషుల పని యని మనలో పెక్కండ్రు తలంతురు. బియ్యము కొనునపుడు గింజ కొఱికి చూచెడి మనకు ఇది మాత్రమేల తెలియరాదు? చీటీ సొమ్ము మాటిమాటికి చేతికి వచ్చునది కాదు. దానితో కొనిన యంత్రము మావారి ప్రశ్నపత్రములకును, తొమ్మిదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి ప్రోగ్రామింగు అభ్యాసమునకును, మా తండ్రిగారు వ్రాసి అచ్చువేయింపకయే విడిచిపోయిన వ్యాఖ్యానమును మేము టైపు చేయుటకును చాలవలెను. ఆ వ్రాతప్రతి అంచులు ముట్టుకొనిన పొడియగుచున్నవి. మఱి రెండేండ్లు ఆగుదమనుటకు వీలులేదు.

మా అన్నగారి కుమారుడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్నాడు. "అత్తయ్యా, కొత్తదెందుకు? పాత సర్వరు ప్రాసెసరు ఒక మంచి చీర ఖరీదులోపే వస్తుంది. ఎనిమిది కోర్లు!" అని ఫోనులో మిక్కిలి ఉత్సాహపడెను. అతడు చెప్పినది ఇంటెల్ వారి జియాన్ ఇ5-2670. 2012వ సంవత్సరమున వెలువడినపుడు దాని వెల సుమారు 1550 డాలర్లు. పెద్ద సంస్థలు తమ సర్వర్లను మార్చివేయగా అట్టివి కుప్పలుగా బజారున కెక్కి, వెల పడిపోయినవి. మేము చూచుకొన్నది కోర్ ఐ3-12100. ఇది 2022 జనవరిలో వచ్చినది, అప్పటి వెల 130 డాలర్లకు లోపే, కోర్లు నాలుగే. ఒకటి బిరుదులు గల పాత దొర, ఇంకొకటి నిన్నమొన్న కొలువున చేరిన బంటు.

కోరు అనగా పనిచేయు చేయి యనుకొందము. కార్తవీర్యార్జునునకు వేయి చేతులు. నర్మదాప్రవాహము నడ్డుటకు ఆ వేయియు పనికివచ్చినవి. పరశురాముడు ఎదురైన నాడో, రెండు చేతులవాడే గెలిచెను. కంప్యూటరు పనులందును ఈ రెండు జాతులు గలవు. వందలమంది ఒక్కమాఱు అడిగెడి ప్రశ్నలకు బదులిచ్చుట, చలనచిత్రపు బొమ్మలను సిద్ధపఱచుట మొదలగునవి పంచుకొని చేయదగినవి. అక్షరము కొట్టిన వెంటనే తెరపై కనబడుట, పుట తెఱచుకొనుట, మార్కుల పట్టిక కూడుట మొదలగునవి చాలవఱకు ఒకదాని వెంట ఒకటిగా నడచునవి. ఒక్క రోటి చుట్టు ఎనమండుగురు కూర్చుండినను రుబ్బుచేయి ఒక్కటే కదా! తక్కినవారు కబుర్లాడుచుందురు.

ఆ ఒక్క చేతి వేగమునందే క్రొత్తవాని బలమంతయు నున్నది. జియాన్ వేగము 2.6 గిగాహెర్ట్సులు, ఉరికినపుడు 3.3. ఐ3 ఉరికినపుడు 4.3. అంకెలు చూచిన భేదము మూడవవంతే. కాని సాధారణముగ జరుగు వేగపరీక్షలలో ఐ3 యొక్క ఒక్క కోరు, జియాన్ కోరుకు రెండింతలకు మించిన పని చేయుచున్నది. పదేండ్లలో నిర్మాణము మాఱి, తిరుగలి ఒక్క చుట్టుకు రాలెడి పిండి హెచ్చినది. అన్ని కోర్లును కూడి చేయు పరీక్షలలో సైతము ఆ నాలుగు ఈ ఎనిమిదిని మించుచున్నవి. ఇది చెప్పగా మా మేనల్లుడు కొంతసేపు పలుకలేదు.

పిమ్మట మెమరీ మాట యెత్తెను. జియాన్‌కు మెమరీదారులు నాలుగు, ఐ3కి రెండే. నిజమే. డీడీఆర్3-1600 మెమరీ నాలుగు దారుల నిచ్చునది సెకనుకు 51.2 గిగాబైట్లు, డీడీఆర్4-3200 మెమరీ రెండు దారుల నిచ్చునదియు సరిగా 51.2 గిగాబైట్లే. నాలుగు చేదలతో తోడినను, రెండు పెద్ద చేదలతో తోడినను తొట్టి ఒక్క కాలమందే నిండును.

పాతదానిని నిందింపరాదు. తప్పులను తానే దిద్దుకొను ఇసిసి మెమరీని అది గ్రహించును. కార్డులు తగిలించుకొను పీసీఐ దారులు ఐ3కి 20 కాగా దానికి 40. ఒకే బోర్డుపై రెండు జియాన్లను కూర్చి పదునాఱు కోర్లు చేయవచ్చును. ఒక్క పెట్టెలో పది కంప్యూటర్ల వేషము కట్టించి అభ్యాసము చేయు విద్యార్థికి అదియే మేలు. మా యింట పదిమంది పనివారికి పని యెక్కడిది?

మఱియు, చీర వెల యనునది ప్రాసెసరుకు మాత్రమే. దానికి తగిన బోర్డు వాడినదో, పేరు తెలియనిదో కొనవలెను. బొమ్మ చూపు శక్తి దానిలో లేదు గనుక వేఱుగా గ్రాఫిక్సు కార్డు కావలెను. ఐ3లో అది కలిసియే యున్నది. విండోస్ 11 జియాన్‌ను అధికారికముగ అంగీకరింపదు. విండోస్ 10కి ఉచిత పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. లినక్సు వేసికొనవచ్చును గాని, మావారి పాఠశాల పత్రములన్నియు విండోస్ లెక్కలోనివి. వేడిమికి నిర్మాతలిచ్చిన లెక్క జియాన్‌కు 115 వాట్లు. ఐ3కి 60, మిక్కిలి శ్రమించినపుడు 89. కార్డుతో గూడి పాతది 60 వాట్లు అధికముగ త్రాగినదనుకొందము. దినమునకు 6 గంటల చొప్పున నెలకు దాదాపు 11 యూనిట్లు. కరెంటు బిల్లులో శ్లాబు అంచున కాపురము చేయువారికి ఆ 11 యూనిట్ల బరువు వేఱుగ చెప్పనేల? కోస్తా వేసవిలో ఆ వేడి గదిలో కూర్చుండుట సరేసరి.

ఐ3 యన్నంతనే పెదవి విఱుచువారు గలరు. దుకాణదారుడును ఐ5 చూపెను. ఆ 3, 5, 7 అంకెలు అంతస్తులకు గుర్తులేగాని కోర్ల లెక్క కాదని చెప్పగా ఆశ్చర్యముగ చూచెను. 2023లో వచ్చిన 13100, 2024లో వచ్చిన 14100 ఈ 12100కు తోబుట్టువులే. వేగము ఒకింత హెచ్చు, అంతే. చౌకయైనదే తీసికొంటిమి. మెమరీ 16 గిగాబైట్ల పలక యొకటి ఇచ్చెదనన్నాడు. ఒప్పుకొనక, రెండు దారులును నిండునట్లు 8 చొప్పున రెండు అడిగి పెట్టించితిమి.

మేనల్లుడు ఆ జియాన్‌ను స్నేహితులతో కలిసి తానే కొని, వసతిగృహమున అభ్యాసమునకు నడపుచున్నాడు. మా యింట ఉదయము పది గంటలవఱకు యంత్రము మావారిది, సాయంకాలము అమ్మాయిది. నడుమ మాది; తండ్రిగారి వ్యాఖ్యానమున రెండవ ఆశ్వాసము నడచుచున్నది.