చివరి గదికి వేడి

మా అక్క లీడ్స్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. అద్దెకున్నది పాత ఇల్లు. బాయిలర్ కిందుంటే, తన గది పైన ఆ చివర. రేడియేటర్ నాబ్ 5 మీద పెట్టినా జనవరిలో గోరువెచ్చగానే ఉండేది.

ఆ నాబ్‌లో ఓ క్యాప్సూల్ ఉంటుంది. గది వేడెక్కితే అందులోని మైనమో ద్రవమో వ్యాకోచించి పిన్నును నొక్కుతుంది, వేడినీళ్ల దారి మూసుకుంటుంది. డెన్మార్క్‌లో మాడ్స్ క్లాసెన్ 1943లో రూపొందించిన ఉపాయం. 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. 5 పెడితే త్వరగా వేడెక్కదు, ఆలస్యంగా ఆగుతుంది, అంతే. అసలు నీళ్లే రాకపోతే నాబ్ ఏం చేస్తుంది?

రేడియేటర్ రెండో వైపు టోపీ కింద ఇంకో వాల్వ్ ఉంటుంది, లాక్‌షీల్డ్. ఎన్ని నీళ్లు పారాలో తేల్చేది అదే. మన ఫ్లూయిడ్ మెకానిక్స్‌లోని ప్యారలల్ పైపులే ఇవి: అడ్డు తక్కువున్న దారికే నీళ్లెక్కువ.

వీడియో కాల్‌లో ఇదంతా నేను వివరిస్తుంటే నాన్న మధ్యలో అందుకున్నారు. "కాలువ చివరి పొలం సంగతేగా! పై తూముల షట్టర్లు కాస్త దించందే మనకెప్పుడైనా నీళ్లొచ్చాయా?"

ఓనర్‌ని అడిగి, అక్క స్పానర్‌తో కింది గదుల లాక్‌షీల్డ్‌లు కొంచెం కొంచెం బిగించింది. సాయంత్రానికి తన రేడియేటర్ చెయ్యి పెట్టలేనంత వేడి. కింది గదుల వాళ్లకి తేడా కూడా తెలీలేదట.